మూడో కంట్రోలర్ కూడా మూగదే

జూన్ 3

బావమరిదికి,

ఇక్కడ నేను క్షేమం. మీ అక్క కూడా క్షేమమే అనుకుంటున్నాను. ఆవిడ నోటితో చెప్పలేదు కాబట్టి మనిషిని చూసి రాస్తున్నాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. ఈ మధ్య ఫోన్లన్నీ పాడైపోయాయి. నువ్వు మాట్లాడితే దిండులో మొహం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. కొత్త ఫోన్ కొన్నాను, అదీ అంతే. కాగితానికి ఆ జబ్బు లేదు. పైగా మా ప్రెస్సులో కటింగ్ మిషన్ కింద రాలే తెల్ల ముక్కలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఈ ఉత్తరం ఇంత సన్నగా, ఇంత పొడుగ్గా ఉండటానికి కారణం అదే.

అసలు సంగతికి వస్తాను. ఆదివారాలు క్లబ్బులో రేడియో కార్ల పందాలకి వెళ్తున్నానని నీకు తెలుసు. ఆ పిచ్చి అంటించిందే నువ్వు. నా కారు మూరెడుంటుంది గానీ మలుపుల్లో దానికి తిరుగు లేదు. నా కర్మ ఏమిటంటే, అది మొదలు దగ్గరే చస్తోంది. మిగతా కార్లన్నీ గీత దాటి వెళ్ళిపోయాక నాది కదులుతుంది. మొదటి మలుపుకి నేను చేరేసరికి ముందు వాళ్ళు లేపిన దుమ్ము కూడా సర్దుకుని ఉంటుంది.

మోటారు నువ్విచ్చిందే, దానికి వంక పెట్టను. బ్యాటరీ కొత్తది. ఇక మిగిలింది ఆ రెంటి మధ్యా కూర్చుని, బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు పోవాలో తేల్చే చిన్న పెట్టె, స్పీడ్ కంట్రోలర్. నేను రిమోట్ ట్రిగ్గర్ లాగాక అది ఆఫీసులో గుమాస్తాలా ఫైలు అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా సంతకం పెట్టి అప్పుడు పంపిస్తోంది. దాన్ని మార్చెయ్యాలి.

ఆగస్టు ఆఖరి ఆదివారం ఈ సీజనుకి చివరి పందెం. అది నేను గెలవాలి. ఎందుకో నీ దగ్గర దాచను. మీ అక్క నాతో మాట్లాడటం మానేసి నెల దాటింది. అలిగి పడుకోవడం లేదు, దెప్పడం లేదు, ఊరికే మాట్లాడదు. ఈ వయసులో బొమ్మ కార్లేమిటని మనసులో పెట్టుకుందని నా అనుమానం. ఇది పిల్లలాట కాదని ఒక్కసారి గెలిచి చూపిస్తే నోరు విప్పుతుంది. అంచేత నీ విడిభాగాల కొట్టులో ఉన్నవాటిలో అన్నిటికన్నా తొందర ఎక్కువున్న కంట్రోలర్ చూసి పంపించు.

నీ
బావ

జూన్ 11

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కొలత టేపులా చుట్టుకుని వచ్చింది. రెండు చివర్లా స్క్రూడ్రైవర్లు పెట్టి చదివాను.

కంట్రోలర్ ఎంచుకోవడమంటే తొందర ఎక్కువున్నది తెచ్చుకోవడం కాదు. మా కొట్టుకి వచ్చే ప్రతివాడూ పెట్టె మీద అంకె ఎంత పెద్దదైతే సరుకు అంత గొప్పదనుకుంటాడు. మోటారు ఎంత కరెంటు లాగుతుందో చూసుకుని, దానికి కాస్త మిగులు ఉంటే చాలు. మీ పాతదానికి ఆ బలం ఉంది, లేనిది సెన్సర్ తీగ. మోటారు లోపల తిరిగే భాగం ఏ స్థితిలో ఆగి ఉందో దానికి తెలీదు. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు తడుముకుని, రెండు సార్లు వణికి, అప్పుడు పరిగెత్తుతుంది. మీ ఆలస్యం అదే అయి ఉంటుంది. అందుకని సెన్సరున్నది పంపుతున్నాను.

దీనికి ముందు మీ రిమోట్‌ని పరిచయం చేయాలి. కంట్రోలర్ మీద బటన్ నొక్కిపట్టి స్విచ్ వేయండి. ట్రిగ్గర్ ముట్టుకోకుండా బటన్ ఒకసారి నొక్కండి, ‘కీ’ అని ఒక కూత కూస్తుంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగిపట్టి నొక్కండి, రెండు కూతలు. బ్రేకు వైపు పూర్తిగా తోసి నొక్కండి, మూడు కూతలు. కూత వినకుండా తరవాతి పనికి పోకండి.

పంచ్ అని ఇంకో అమరిక ఉంది. ట్రిగ్గర్ లాగిన మరుక్షణం కారు ఎంత దూకుడుగా ఎగబడాలో అది చెబుతుంది. మధ్యలో పెట్టి పంపాను, దాన్ని ముట్టుకోకండి. ముట్టుకుంటారని తెలుసు, అయినా నా ధర్మం కొద్దీ రాస్తున్నాను.

అక్క మాట్లాడటం మానేయడమేమిటి బావగారూ? చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేది. గొంతు సన్నంగానే ఉండేది గానీ ఆగేది కాదు. నేను ఫోన్ చేసి కనుక్కుంటాను.

మీ
బావమరిది

జూన్ 19

బావమరిదికి,

నువ్వు పంపిన కంట్రోలర్ మూగది. కోపం తెచ్చుకుని ఇంకోసారి రాస్తున్నాను, మూగది.

బల్ల తుడిచి, దీపం దగ్గరికి లాక్కుని, నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని స్విచ్ వేశాను. బటన్ నొక్కి కూత కోసం కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి ఒకటి కూసిందనుకుని ట్రిగ్గర్ లాగాను, రెండు కూసిందనుకుని బ్రేకు తోశాను, మూడు కూసిందనుకుని లేచాను. నా వంతు నమ్మకం నేను పెట్టాను.

ఆదివారం క్లబ్బులో అధ్యక్షుడు భద్రతా నియమాల మీద ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆయన పళ్ళ డాక్టరు గానీ గొంతు మాత్రం లారీ ఇంజనే. నేను ట్రిగ్గర్ మీద వేలు కూడా పెట్టలేదు. నా కారు తనంతట తానే బయలుదేరి, జనం మధ్య నుంచి పెళ్ళికూతురులా నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి ఆయన బూటెక్కింది. “ఎవడిదయ్యా ఈ బండి?” అన్నాడు. ఆ మాట పక్క వీధి వాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది.

పక్క బల్ల దగ్గర తన కారు సర్దుకుంటున్న టైలరు నాది తీసుకుని ఒక్క నిమిషంలో బాగుచేసి ఇచ్చాడు. “కూత రాకుండా ఎలా చేశావయ్యా?” అని అడిగితే నా మొహంలోకి ఎగాదిగా చూశాడు. పనివాడు కదా, కిటుకు బయటపెట్టడు. ఇంతా చేస్తే పందెంలో మళ్ళీ నేనే ఆఖరున కదిలాను. సరుకు వెనక్కి పంపుతున్నాను.

ఇల్లు పరీక్ష హాలులా ఉంది. మీ అక్క నా వైపు వీపు పెట్టి, కుళాయి తిప్పుకుని గిన్నెలు కడుగుతుంది. సాయంత్రం నేను సోల్డరింగ్ చేసుకుంటుంటే వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతుంది. మాటా పలుకూ ఉండదు. కాసేపుండి వెళ్ళిపోతూ తలుపు ధడేల్మని వేస్తుంది. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఆ తలుపొక్కటే.

నీ
బావ

జూన్ 27

బావగారికి నమస్కారాలు.

మీ మూగ కంట్రోలర్ చేరింది. బల్ల మీద పెట్టి మోటారుకి తగిలించి స్విచ్ వేయగానే పాడింది. పక్క జిరాక్సు కొట్టాయన తొంగి చూసి, “ఇంతసేపట్నుంచి ఫోన్ మోగుతుంటే ఎత్తవేం?” అన్నాడు. అయినా బావగారి మాట కాదనడం ఎందుకని ఇంకో కంపెనీది పంపుతున్నాను. దీని కూత ఇంకా గట్టిది, మా ఆవిడ దీన్ని ఇంట్లో మోగనివ్వదు.

అక్కకి ఫోన్ చేశాను. “బావతో మాట్లాడటం మానేశావట, ఏమిటే ఈ పంతం?” అని కాస్త గట్టిగానే అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“నేను మానేశానా! ఆయనే నాకు జవాబివ్వడం మానేశారు. ఏమడిగినా అవుననరు, కాదనరు. ఆ పొగలోకి చూస్తూ కూర్చుంటారు. అడిగి అడిగి నా నోరు నొప్పెడుతోంది. పైగా నేను మానేశానని నీకు ఉత్తరాలా? అక్కడికి రాయడానికి చేతులొచ్చాయి, ఇక్కడ చెప్పడానికి నోరు రాలేదా?” అని ఏడ్చేసింది.

నాకు తోచింది చెబుతాను. ఇద్దరూ ఎవరికి వారు ఎదుటివారే ముందు మాట్లాడాలని భీష్మించుకున్నారు. పెద్దవారు, మీరే ఒక మెట్టు దిగండి.

ఇంకో సంగతి. పందెం మొదట్లో కారు కదిలే ముందు వణుకుతుందా, లేక కదలకుండా నిలబడి ఒక్కసారిగా పోతుందా? జాగ్రత్తగా చూసి రాయండి. వణికితే సెన్సర్ తీగ ఊడినట్టు.

మీ
బావమరిది

జూలై 6

బావమరిదికి,

రెండోది కూడా మూగదే. ఆ కంపెనీవాళ్ళు కూతలు పెట్టడం మర్చిపోయి పెట్టెలు మూసేస్తున్నారా, లేక దారిలో పోస్టువాళ్ళు తీసేసుకుంటున్నారా?

నేను మీ అక్కకి జవాబివ్వడం లేదా! అడిగితే కదా ఇవ్వడానికి! రెండు నెలలుగా ఆవిడ నన్ను అడిగింది ఏదైనా ఉంటే, ఎవరినైనా సాక్ష్యం తీసుకురమ్మను. మెట్టు దిగమన్నావు కదా అని నేనే వెళ్ళి, “ఏమిటి విశేషాలు?” అన్నాను. నా మొహంలోకి చూసి, తల కొట్టుకుని వెళ్ళిపోయింది. ఇక దిగడానికి మెట్లు లేవు.

వణుకు సంగతి చూశాను. వణుకు లేదు. ట్రిగ్గర్ లాగితే తూటాలా పోతోంది. కాకపోతే అందరూ పోయాక పోతోంది. పంచ్ ఆఖరికంటా పెంచి చూశాను. కారు ముక్కు పైకి లేపి, ఆకాశం వంక చూసి, వెల్లకిలా పడింది.

దీని వెనక ఏముందో ఈ ఆదివారం కనిపెట్టాను. ఇది కుట్ర. ఎలాగో చెబుతాను విను. అధ్యక్షుడు “రెడీ!” అంటాడు. అది అందరితోపాటు నాకూ వినిపిస్తుంది. తరవాత నిశ్శబ్దం. ఉన్నట్టుండి కార్లన్నీ ఒక్కసారిగా దూకుతాయి, ముందే కూడబలుక్కున్నట్టు! ఎప్పుడు బయలుదేరాలో నాకొక్కడికీ చెప్పరు. పక్కవాడి కారు కదిలాక నేను ట్రిగ్గర్ లాగుతాను. మరి ఇంకెప్పుడు లాగాలి? క్లబ్బులో కొత్తవాణ్ణని తొక్కేస్తున్నారు. అధ్యక్షుడికి ఘాటుగా ఫిర్యాదు రాశాను.

నీ
బావ

జూలై 13

బావగారికి నమస్కారాలు.

ముందు ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

“రెడీ” తరవాత స్పీకర్లోంచి ‘కీ’ అని ఒక కూత వస్తుంది. ప్రతి క్లబ్బులోనూ వస్తుంది. అది వినగానే అందరూ ట్రిగ్గర్ లాగుతారు. వాళ్ళు చేసిన కుట్ర అంతే.

ఇది చదివాక మీరు నన్ను తిడతారు, తిట్టండి. కంట్రోలర్ కూత సన్నం. పందెం కూత సన్నం. మా అక్క గొంతు సన్నం. మూడూ ఒకే సీజనులో మూగబోవు బావగారూ. పాడైంది కంట్రోలర్ కాదు, ఫోన్లు కాదు, అక్క అంతకన్నా కాదు. ఇన్నేళ్ళు ప్రెస్సులో ఆ మిషన్ల హోరులో నిలబడ్డారు. చెవులు ఇనుముతో చేసినవి కావు కదా. నేను కూడా మీ ఇద్దరివీ పంతాలనుకుని అక్కని తిట్టాను, బుద్ధి లేక. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి.

ఈ పెట్టెలో మూడో కంట్రోలర్ ఉంది. నా కొట్టులో ఇంతకన్నా మంచిది లేదు.

మీ
బావమరిది

జూలై 20

శ్రీ విడిభాగాల వర్తకులు గారికి,

తమరి ఉత్తరం అందినది. చెవుల వైద్యం కూడా తమరి కొట్టులో మొదలుపెట్టినట్టు నాకు తెలియదు.

మా ప్రెస్సులో మూడు మిషన్లు ఒకేసారి నడుస్తుండగా, ఆ చివరి నుంచి బైండరు “ఇంకు అయిపోయింది!” అంటే ఈ చివర నాకు వినిపిస్తుంది. యజమాని కేక వినిపిస్తుంది. అధ్యక్షుడి ఉపన్యాసం వద్దన్నా వినిపిస్తుంది. అంత హోరులో పనిచేసే చెవులు, చీమ చిటుక్కుమనని ఇంట్లో ఎందుకు పనిచేయవో తమరే సెలవివ్వాలి. ఇంట్లో ఏమీ వినిపించడం లేదంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదని అర్థం.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను. దాని గురించి మాట్లాడదామని క్లబ్బు కార్యదర్శి వచ్చింది. పంతులమ్మ, నెమ్మదస్తురాలు. ఆవిడ ఏదో అడిగితే మర్యాదకి “తప్పకుండా” అన్నాను. ఆఖరి పందెం రోజు అందరికీ టీలు అందించే బాధ్యత నాదేనని ఇప్పుడు బోర్డు మీద రాసి ఉంది. ఇది కూడా వాళ్ళ కుట్రలో భాగమే.

మూడో కంట్రోలర్ కూడా మూగదే.

ఇట్లు
తమరి ఖాతాదారుడు

జూలై 28

కోపంలో ఉన్న బావగారికి,

ఖాతాదారుడినని సంతకం పెట్టారు కాబట్టి, ఖాతాదారుడికి చెప్పినట్టే చెబుతాను. చెవుల మాట ఎత్తను.

కంట్రోలర్లో స్పీకర్ ఉండదు. విప్పి చూసినా దొరకదు. కూసేది మోటారు. కంట్రోలర్ దాన్ని తిప్పకుండా, చిన్న చిన్న కరెంటు దెబ్బలు మాత్రం పంపుతుంది. లోపలి తీగచుట్ట వణుకుతుంది. ఆ వణుకే మనకి కూతగా వినిపిస్తుంది. అంటే మీ కంట్రోలర్ నిజంగా మూగదైతే మోటారు వణకకూడదు.

చక్రాలు నేలకి తగలకుండా కారుని రెండు లావు పుస్తకాల మీద పెట్టండి. ఎడమచేతి చూపుడువేలు మోటారు మీద ఆనించండి. రిమోట్‌ని పరిచయం చేసే పని మొదటి నుంచి మళ్ళీ చేయండి, ప్రతిసారీ కంట్రోలర్ మీది లైటు కూడా చూస్తూ ఉండండి. వణుకు రాకపోతే నేను అబద్ధాలకోరుని, క్లబ్బులో టీలు నేనొచ్చి పోస్తాను. వణుకు వచ్చి కూత రాకపోతే మాత్రం, మిగతాది మీకే తెలుస్తుంది.

ఈ పని ఆలస్యం చేయకండి. అక్క నిన్న ఫోన్ చేసింది. ఆగస్టులో మా ఇంటికి వచ్చి ఉంటానంది. ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేదు. “నేనున్నా లేకపోయినా ఆయనకి తేడా తెలీదులేరా” అంది. ఏడవకుండా అంది. నాకు భయం వేసింది బావగారూ. పందెం పోతే పోయింది.

మీ
బావమరిది

ఆగస్టు 6

బావమరిదీ,

మోటారు వణికింది.

నిన్ను అబద్ధాలకోరు చేసి టీలు పోయించాలనే కూర్చున్నాను. అట్ట చినిగిన రెండు పాత డైరెక్టరీల మీద కారు పెట్టాను. వేలు ఆనించి బటన్ నొక్కాను. వేలి కింద సన్నగా ఒక జలదరింపు, లైటు ఒకసారి వెలిగింది. ట్రిగ్గర్ లాగి నొక్కితే రెండు. బ్రేకు తోసి నొక్కితే మూడు. గదిలో మాత్రం ఏ చప్పుడూ లేదు. స్విచ్ తీసేసి మళ్ళీ మొదటి నుంచి చేశాను. పాతపెట్టెలోంచి నువ్వెప్పుడో ఇచ్చిన ఇంకో పాత మోటారు తీసి దానితో చేశాను. అదీ వణికింది.

అప్పుడు తలెత్తితే, ఎదురుగా అలమారా అద్దంలో మీ అక్క కనిపించింది. రోజూలాగే నా కుర్చీ వెనక నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. నా వీపుతో మాట్లాడుతోంది.

నేను గిర్రున తిరిగి, “ఏమన్నావు?” అన్నాను.

ఆవిడ బిత్తరపోయి గొంతు పెంచింది. “ఏమడిగానో కూడా తెలీదా మీకు?”

“తెలీదు. ఇటు ముందుకొచ్చి, గట్టిగా చెప్పు.”

“నన్నూ ఒకసారి ఆ కారు నడపనివ్వండి అంటున్నా! రోజూ అడుగుతున్నా. వద్దంటే వద్దనండి, రాయిలా కూర్చోకండి!”

బావమరిదీ, నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. బొమ్మ కార్లంటే చిరాకని నేననుకున్న మనిషి, వాటిని నడపాలని రోజూ వచ్చి అడిగింది. నేను రోజూ ఆవిడకి వీపు చూపించాను. “నాకు వినిపించట్లేదే” అన్నాను. వేళాకోళమనుకుంది. ఆవిడ వేలు పట్టుకుని మోటారు మీద పెట్టి బటన్ నొక్కాను. “ఇప్పుడు చప్పుడొచ్చిందా?” అన్నాను. “చెవులు గింగురుమనేలా వస్తే!” అంది. “నాకు రాలేదు” అన్నాను. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, “అయితే ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ దండగేనా?” అంది.

మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎంతకీ ఏమీ రాకపోతే, “మీ మిషన్ మూగదేమో చూడండి” అన్నాను. డాక్టరు నవ్వలేదు. గట్టి గొంతులు, బొంగురు గొంతులు నాకు అందుతున్నాయట. సన్నవి పోయాయట. ప్రెస్సులో అందరూ అరుస్తారు కాబట్టి అక్కడ తెలియలేదు. వారంలో చెవికి పెట్టుకునే యంత్రాలు ఇస్తానన్నాడు.

మీ అక్క మీ ఇంటికి రావడం లేదు. గదేమీ ఖాళీ చేయొద్దు. నీకు “వర్తకులు గారు” అని రాసినందుకు ఏమీ అనుకోకు.

నీ
బావ

ఆగస్టు 13

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపిస్తే తనూ ఏడ్చింది. నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను గానీ పక్కనుంచి చూస్తోంది.

ఇప్పుడు పని మాట. ఆలస్యం కంట్రోలర్ది కాదని తేలింది కాబట్టి, ఆలస్యం కోసం మీరు పెంచినవన్నీ దించాలి. పంచ్ ఆఖరికి పెట్టి ఉంది కదా, సగానికన్నా కిందికి తీసుకురండి. డ్రాగ్ బ్రేకు కొంచెం పెట్టండి. ట్రిగ్గర్ వదలగానే కారు తనంతట తనే నెమ్మదిస్తుంది, మలుపుల్లో కొత్తవాళ్ళకి అది దన్నుగా ఉంటుంది. కొత్తవాళ్ళని ఎందుకన్నానో మీకు తెలుసు. అక్క నాకు రోజు విడిచి రోజు ఫోన్ చేసి, సెన్సర్ అంటే ఏమిటి, పంచ్ అంటే ఏమిటి అని ప్రాణాలు తోడేస్తోంది.

ఆఖరి పందెంలో ఒక్క కారుకి ఒక్కరే కదా. రిమోట్ ఎవరు పట్టుకోవాలో మొగుడూ పెళ్ళాలు తేల్చుకోండి. అందులో తలదూర్చేంత ధైర్యం నాకు లేదు. ఎవరు గెలిచినా నా కొట్టు పేరు చెప్పండి.

మీ
బావమరిది

ఆగస్టు 31

బావమరిదికి,

నీ కంట్రోలర్లు మూగగా ఉన్నప్పుడే బాగున్నాయి. ఇప్పుడు స్విచ్ వేస్తే చెవిలో సూది దింపినట్టు కూస్తున్నాయి. నా చెప్పులు కీచుమంటాయని ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ చెప్పలేదు. మా ఫ్రిజ్ రోజంతా గొణుగుతూనే ఉంటుంది. ప్రెస్సులో అయితే చెవి యంత్రాలు తీసి జేబులో వేసుకోవాల్సి వచ్చింది. ఆ హోరులో జీతమిచ్చి నిలబెట్టారంటే నేను నమ్మలేకపోయాను. నాతోపాటు బైండరునీ డాక్టరు దగ్గరికి పంపాను. వాడు నన్ను తిట్టుకుంటూ వెళ్ళాడు, చూపించుకుని వచ్చి ఇంకా ఎక్కువ తిట్టాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. అధ్యక్షుడు దాన్ని నోటీసు బోర్డుకి అంటించి ఉంచాడు, తీయనంటున్నాడు.

ఇక పందెం. గెలవాలన్న ఆశ పోయిందని కోతలు కోయను. నిన్న ఉదయం గీత దగ్గర నిలబడి, “రెడీ” తరవాత వచ్చే ఆ కూత మొదటిసారి నా చెవులతో విన్నాను. వేరేవాళ్ళ పందెం అది. వింటుంటే వేళ్ళు లాగేశాయి. ఇన్నాళ్ళూ వాళ్ళకి అందుతున్నది ఇదన్నమాట అనుకున్నాను. ఈ ఒక్కసారి నేనే రిమోట్ పట్టుకుని అందరికీ లెక్క తేల్చేయాలన్నంత ఉక్రోషం వచ్చింది.

పక్కన మీ అక్క నిలబడి ఉంది. ఇవ్వమని అడగలేదు. అడిగి అడిగి విసిగిన మనిషి కదా. మాట్లాడుతుందని కదా నేను గెలవాలనుకున్నది. రిమోట్ ఆవిడ చేతిలో పెట్టేసి, మలుపు దగ్గర బోల్తా పడ్డ కార్లని ఎత్తి నిలబెట్టే పని ఉంటుంది చూడు, అందులో నిలబడ్డాను. అంతకు ముందే టీలు పోసి వచ్చాను.

నువ్వు చెప్పినట్టే పంచ్ దించి ఇచ్చాను. నేను మలుపు వైపు తిరగగానే ఆవిడ మళ్ళీ ఆఖరికి పెంచుకుంది. ఎందుకే అని తరవాత అడిగితే, “నెమ్మదిగా వెళ్ళేదానికి నాకు కారెందుకు?” అంది. కూత కూసింది. నా కారు అందరితోపాటు గీత దాటింది. పళ్ళ డాక్టరు కారుని భుజంతో తోసేసి ముందుకి కూడా పోయింది. నేను గంతులేశాను. మొదటి మలుపులో నా కాళ్ళ ముందుకి వచ్చి మూడు పిల్లిమొగ్గలు వేసింది.

ట్రాకుకి ఆ చివర నుంచి, ఇన్ని కార్ల రొదలోంచి, “ఏవండీ! చూస్తారేం, ఎత్తండి!” అని వినిపించింది. సన్నటి గొంతు. ఆ గొంతు ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను బావమరిదీ. మర్చిపోయానని కూడా నాకు తెలీదు. అలాగే నిలబడిపోయాను. కారు వెల్లకిలా పడి చక్రాలు తిప్పుకుంటోంది. రెండోసారి పిలిచేదాకా ఎత్తలేదు.

ఆఖరు నుంచి రెండో స్థానం వచ్చింది. రెండోసారి పిలిపించుకున్నందుకు తప్పంతా నాదేనట. ఇంటికి వచ్చే దారంతా ఆ మలుపు గురించే చెప్పింది. నిన్న మొదలుపెట్టింది, ఇవాళ నేను ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని ఇంకా చెబుతోంది. వచ్చే సీజనుకి తనకి వేరే కారు కావాలట, దానికి నాలుగో కంట్రోలర్ పంపమంటోంది. అలవాటయ్యేదాకా ఈ చెవి యంత్రాలు రోజుకి కొద్ది గంటలే పెట్టుకుని, తీసి పెట్టెలో పెట్టమన్నాడు డాక్టరు. ఆ గంటలు మధ్యాహ్నమే అయిపోయాయి. ఆవిడ చెప్పడం అవ్వలేదు కదా అని తీయలేదు.

నీ
బావ